అడుగుకు ముందు రావలసిన మాట

జనవరి 5, ఆదివారం

నిన్నటిది కొత్త ఏడాదిలో మొదటి డాన్సు. వేదిక మీద మైకు పట్టుకుని అడుగులు పిలిచేది ఎప్పట్లాగే నేనే. ఊరి రైతుసంఘం వాళ్ళ గ్రేంజ్ హాల్లో మధ్యాహ్నం నుంచీ పొయ్యి రాజేసినా సగం కార్యక్రమం అయ్యేదాకా నేల వేడెక్కలేదు. అయినా జనం బాగా వచ్చారు. మూడు వరసలు కట్టారు. అందులో సగానికి పైగా కొత్తవాళ్ళు. జనవరిలో ఎప్పుడూ ఇంతే, ఏడాది మొదట్లో అందరికీ ఏదో ఒకటి నేర్చుకోవాలనిపిస్తుంది.

ఒక విషయానికి మాత్రం సంతోషించాను. మా పాతకాపులు ఎప్పుడూ వేదిక ఎదురుగా ఉండే నడిమి వరసలోకే ఎగబడతారు. వాళ్ళలో వాళ్ళు హాయిగా ఆడుకుంటారు. పక్క వరసల్లో కొత్తవాళ్ళు దారీ తెన్నూ లేక ఒకరినొకరు గుద్దుకుంటూ ఉంటారు. పక్కలకు కూడా వెళ్ళండి బాబూ అని మైకులో ఏళ్ళ తరబడి మొత్తుకున్నాను. నిన్న ఎవరూ చెప్పకుండానే పాతవాళ్ళు విడిపోయి పక్క వరసల్లో కొత్తవాళ్ళ మధ్య నిలబడ్డారు. ఇన్నాళ్ళకు నా మాట తలకెక్కింది.

అలా నిలబడినా కుడిపక్క వరస రెండుసార్లు చెదిరిపోయింది. నేనిచ్చింది తేలికైన డాన్సే, ఒకరి మధ్యలోంచి ఒకరు దూరిపోయే జడ అల్లికా లేదు, చేతులు మార్చుకుంటూ పోయే గొలుసూ లేదు. కొత్తవాళ్ళు వినరు, అదే జబ్బు.

జనవరి 9

చికడీ పిట్టలు ఈ శీతాకాలం మా పెరట్లోకి రావడం మానేశాయి. ఒక్క కూత లేదు. మా ఆయన లైల్ మాత్రం రోజూ గింజలు పోస్తూనే ఉన్నాడు, రోజూ అయిపోతూనే ఉన్నాయి. ఉడతలై ఉంటాయి.

జనవరి 19, ఆదివారం

బర్ట్‌కి ఏమైందో తెలియదు. ముప్ఫై ఏళ్ళుగా మాకు ఫిడేలు వాయిస్తున్నవాడు, ఇప్పుడు పిల్లి అడుగులా వాయిస్తున్నాడు. నిన్న మూడుసార్లు పెంచమన్నాను. మూడోసారి తలుపు దగ్గర కూర్చున్నావిడ చెవులు మూసుకుంది. నాకు మాత్రం లైల్ పియానో ఎడమచేతి మోత తప్ప ఏమీ అందలేదు. పైగా లైల్‌కి ఈమధ్య కొత్త అలవాటొకటి పట్టుకుంది. వాయిస్తూ వాయిస్తూ బూటుకాలితో వేదిక మీద దబ్బున తంతాడు. నా అరికాళ్ళలోకి వచ్చి కొడుతుంది ఆ మోత. వయసు మీదపడితే మొగుళ్ళకు ఇలాంటివే వస్తాయి కాబోలు.

నిన్న కొత్తవాళ్ళ పాఠంలో ఎవెరెట్ అని ఒకాయన వచ్చాడు. ఊరి మంచు తోసే లారీ నడుపుతాడు. పోయిన శరదృతువులో భార్య వెళ్ళిపోయిందట, లారీలో రేడియో తప్ప తనతో మాట్లాడేవాళ్ళు లేరట. నవ్వుతూనే చెప్పాడు. నేను ఎప్పుడూ చెప్పేదే చెప్పాను. ఎదురెదురుగా రెండు బారులు, రెండు జోడీలు కలిస్తే నలుగురు. ఆ నలుగురూ ఒక చుట్టు ఆడాక ఒక జోడీ పైకి జరుగుతుంది, ఒకటి కిందికి జరుగుతుంది, కొత్త జోడీ ఎదురవుతుంది. అలా వరసలో ప్రతివాళ్ళ చెయ్యీ పట్టుకుంటారు. వరస చివరికి చేరినవాళ్ళకు ఎదురుగా ఎవరూ ఉండరు గనక ఒక చుట్టు ఊరికే నిలబడి, చోట్లు మార్చుకుని మళ్ళీ లోపలికి రావాలి. ఏమీ కంఠతా పట్టక్కర్లేదు, నా పిలుపు అడుగుకంటే ముందే వస్తుంది, అది వింటే చాలు.

ఎవెరెట్ బడిపిల్లాడిలా నా నోటివంకే చూశాడు. తీరా పాట మొదలయ్యాక ప్రతి కదలికకూ ఆలస్యం. అందరూ తిరగడం మొదలుపెట్టాక ఆయన చేతులు చాపుతాడు. వింటున్న మొహమే, ఒంట్లో తాళం లేదు అంతే.

జనవరి 24

హాలు వ్యవహారాలు చూసే అర్డిత్ వచ్చింది. గుమ్మడికాయ పెట్టి కాల్చిన పై తెచ్చింది, అంటే ఏదో చెడ్డ కబురు తెచ్చిందన్నమాట. కొత్తగా వచ్చినవాళ్ళు రెండోసారి రావడం లేదట. పాతవాళ్ళతోనే నడిస్తే హాలు నిలవదని కమిటీ వాళ్ళు అనుకుంటున్నారట. చలి కాస్త తగ్గేదాకా చూసి, అప్పటికీ ఇలాగే ఉంటే ఏప్రిల్ నుంచి మైకు తాంసిన్‌కి ఇస్తారట. తాంసిన్ నా శిష్యురాలే. నోట్లో వేలు పెట్టుకుని నిలబడే రోజుల్నుంచి నేనే నేర్పాను.

అర్డిత్ ఇదంతా గట్టిగా, ఒక్కో మాటా విడివిడిగా చెప్పింది, నేనేదో చంటిపిల్లనైనట్టు. నాకు ఒళ్ళు మండింది. ఇరవై నాలుగేళ్ళుగా ఆ మైకు నా చేతిలో ఉంది. అది లేకుండా శనివారం ఏం చెయ్యాలో నాకు తెలియదు. శనివారం సంగతి అలా ఉంచితే, ఈ ఊళ్ళో నేనెవరినో కూడా తెలియదు.

ఇంకా తేలికైన డాన్సులు ఏరాలి. కొత్తవాళ్ళ కోసం.

ఫిబ్రవరి 2, ఆదివారం

నిన్నా అంతే. లైల్ తన్నుడు భరించలేక, ఇంటికొచ్చే దారిలో కారులో చెప్పేశాను. జనం నా పిలుపు వినాలా, నీ బూటు వినాలా అని అడిగాను. ఆయన కారు కాస్త నెమ్మది చేశాడు. తర్వాత సరే అన్నాడు. అనే ఉంటాడు, తల ఊపాడు.

ఫిబ్రవరి 6

ఓవెన్ గంట పాడైంది. బ్రెడ్డు బొగ్గయింది.

ఫిబ్రవరి 16, ఆదివారం

రాయాలని లేదు. రాయకపోతే ఇంకా తిరుగుతూనే ఉంటుంది బుర్రలో.

లైల్ మాటమీద నిలబడ్డాడు. ఒక్కసారి కూడా తన్నలేదు. వేదిక ఎంత ప్రశాంతంగా ఉందంటే నాకు భయమేసింది, ఎందుకో తెలియదు. మొదటి డాన్సులోనే ఎడమ వరస విరిగింది. రెండోదానిలో కుడిది. పాతవాళ్ళు కొత్తవాళ్ళ భుజాలు పట్టుకుని తిప్పుతూ, లాగుతూ, చంటిపిల్లలకు చొక్కాలు తొడిగినట్టు అవస్థపడ్డారు. మూడోది నేను కొన్ని వందలసార్లు పిలిచిన డాన్సు, నిద్రలో లేపి అడిగినా చెబుతాను. అందులో నడిమి వరస కూడా విరిగింది. అక్కడ ఉన్నది ఎవెరెట్. అందరూ ఎడమచేతులు కలిపి నలుగురి చక్రం తిరుగుతుంటే ఆయన ఇంకా కుడిచేతి చక్రంలోనే ఉన్నాడు. ఎదురొచ్చినావిడ ఆయన మోచెయ్యి తగిలి కూర్చుండిపోయింది.

పాట ఆపించాను. మైకులో, అందరి ముందూ, పేరు పెట్టి అన్నాను: "ఎవెరెట్, పక్కవాళ్ళని చూసి కాదు, నేను చెప్పేది విని ఆడాలి."

ఆయన మొహం ఎర్రబడింది. "వింటున్నానండీ" అన్నాడు. అన్నాడనే అనుకుంటున్నాను, పెదవులు అలా కదిలాయి. విరామంలో అందరూ ఆపిల్ సైడర్ తాగుతుండగా కోటు తొడుక్కుని వెళ్ళిపోయాడు. తనే చేసి తెచ్చిన ఆపిల్ పై బల్లమీదే ఉండిపోయింది. ఒక పక్కకు ఒరిగిపోయి, అంచులు మాడి ఉంది. ఎవరూ ముట్టలేదు. నేను ఇంటికి తెచ్చాను.

నేను ఏరిన డాన్సుల్లో తప్పేమీ లేదు. మళ్ళీ మళ్ళీ చూసుకున్నాను. ఎక్కడా తప్పు లేదు.

ఫిబ్రవరి 17

ఆపిల్ పై తిన్నాం. బాగుంది. గిన్నె కడిగి పెట్టాను. ఎవెరెట్‌కి ఫోన్ చెయ్యాలి.

ఫిబ్రవరి 21

ఫోన్‌లో అందరూ గొణుగుతారు. నేరుగా వెళ్ళి ఇచ్చేస్తే నయం.

మార్చి 2, ఆదివారం

పడుకున్న పసిపిల్లలు కూడా ఆడగలిగే డాన్సులు ఏరుకుని వెళ్ళాను. ముందుకు నాలుగడుగులు, వెనక్కి నాలుగడుగులు, గిరగిరా తిరగడం, మళ్ళీ అదే. ఎవరూ చెదరలేదు. చెదరడానికి అందులో ఏమీ లేదు. పాతవాళ్ళు ఆవలిస్తూ ఆడారు. ఇవాళ ఎవరి పిల్లల పుట్టినరోజని బర్ట్ అడిగాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, ఇంటికొచ్చి లైల్‌తో మాట్లాడలేదు.

ఎవెరెట్ రాలేదు. కొత్తవాళ్ళు ఐదుగురే. అర్డిత్ వెళ్ళేటప్పుడు నన్ను కౌగలించుకుంది. ఆవిడ ఎవర్నీ కౌగలించుకోదు.

మార్చి 11, మంగళవారం

ఇవాళ ఏడాదికోసారి జరిగే ఊరి సభ. పొద్దున్నే బయల్దేరాను. మా మలుపు దాటానో లేదో కారు బురదలో ఇరుసుదాకా కూరుకుపోయింది. మార్చిలో ఆ మలుపు మీద నమ్మకం పెట్టుకోవడం నా తెలివితక్కువ. కాసేపటికి ఊరి లారీ వచ్చింది. దిగింది ఎవెరెట్.

గొలుసు తగిలించి లాగేశాడు. ఆయన పై గిన్నె కారులోనే ఉంది, మూడు వారాల్నుంచి ఉంది. ఇచ్చాను. పై బాగుందని చెప్పాను. ఇంకేదో కూడా చెప్పాలి. ఆయన మాట్లాడుతున్నాడు గాని లారీ మోతలో నాకు ఒక్క ముక్క అందలేదు. ఇంజను ఆపమన్నాను. ఆపాడు.

ఆ రోజు నేనలా అనకుండా ఉండాల్సింది అన్నాను. ఆయన తల అడ్డంగా ఊపాడు. బూటుకంటిన బురద లారీ మెట్టుకు రాస్తూ, నా మొహంలోకి చూసి అడిగాడు:

"నాకొక్కటి చెప్పండి మార్షా గారూ. మీరు తిరగమన్నాకే నేను తిరిగాను. మీ మాట కోసమే కాచుక్కూచున్నాను. కానీ మిగతావాళ్ళు మీరు చెప్పకముందే వెళ్ళిపోతారు. ఎలా తెలుస్తుందండీ వాళ్ళకి? కొన్నేళ్ళు ఆడితే వస్తుందా అది?"

"అందరూనా?" అన్నాను.

"అందరూనండీ. మా కొత్తవాళ్ళం తప్ప."

ఎగతాళి లేదు ఆయన మొహంలో. నిజంగా నేర్చుకుందామనే అడుగుతున్నాడు. అది పాతవాళ్ళకు అబ్బే విద్య అనుకుంటున్నాడు పాపం. సభకు వెళ్ళలేదు. కారు వెనక్కి తిప్పి ఇంటికొచ్చి, కోటు కూడా విప్పకుండా వంటింట్లో కూర్చున్నాను.

నేను చెప్పకముందే ఎలా వెళతారు? నేను పిలిచినప్పుడల్లా వాళ్ళు సరిగ్గా కదులుతూనే ఉన్నారు, నా కళ్ళతో చూస్తున్నాను. నేను చక్రం అంటాను, చేతులు కలిసే ఉంటాయి.

కలిసే ఉంటాయి. కలవడం నేనెప్పుడూ చూడలేదు.

మార్చి 12

రాత్రంతా ఆలోచించి పొద్దున లైల్‌ని అడిగాను. వేదిక మీద ఎందుకు తన్నేవాడివని. ఆయన గంజి తింటున్నాడు. చెంచా కింద పెట్టాడు. నా ఎదురుగా వచ్చి కూర్చుని, మొహం నా మొహానికి దగ్గరగా పెట్టి చెప్పాడు. ఈమధ్య ఆయన నాతో ఎప్పుడూ ఇలాగే మాట్లాడుతున్నాడని అప్పుడు తట్టింది.

"కొత్త చుట్టు ఎక్కడ మొదలవుతుందో నీకు తెలియాలని."

"నాకు తెలియదా?"

"నీకు ఫిడేలు వినపడటం లేదు మార్షా. ఆకులు రాలే రోజుల్నించీ."

ముందే ఎందుకు చెప్పలేదని అరిచాను.

"ఒకసారి చెప్పాను. నీకు వినపడలేదు. రెండోసారి గట్టిగా చెప్పడానికి నోరు రాలేదు."

ఇంకా ఉంది. పాతవాళ్ళను పక్క వరసల్లోకి పంపింది అర్డిత్ అట. మార్షా పిలుపు వెనకబడుతోంది, కొత్తవాళ్ళ మధ్యన నిలబడి మోసుకెళ్ళండి, ఆవిడకు తెలియనివ్వకండి అని. అందరికీ తెలుసు. బర్ట్‌కి తెలుసు, తాంసిన్‌కి తెలుసు. పాతవాళ్ళు పాట విని ఆడుతున్నారు. కొత్తవాళ్ళకు పాట తెలియదు గనక నన్ను నమ్ముకుని ఆడుతున్నారు. ఆ హాల్లో నా మాట విన్నవాళ్ళు కొత్తవాళ్ళే, పడిపోయిందీ వాళ్ళే.

నేను నమ్మలేదు. లైల్‌తో అదే చెప్పాను. జలుబు చేసి ఉండొచ్చు. హాలు పైకప్పు ప్రతిధ్వని కావచ్చు. ఆయన లేచి గంజి గిన్నె కడిగాడు.

మధ్యాహ్నం పెరట్లోకి వెళ్ళి గింజల గిన్నె దగ్గర నిలబడ్డాను. చికడీ పిట్ట ఒకటి వచ్చి కొమ్మమీద వాలింది. నోరు తెరిచింది. మూసింది. మళ్ళీ తెరిచింది.

మార్చి 16, ఆదివారం

తేల్చుకోవాలనే వెళ్ళాను. ముందు రోజు ఎవెరెట్ ఇంటికి వెళ్ళి, ఒక్కసారి రమ్మని అడిగాను. వచ్చాడు. లైల్‌ని తన్నవద్దన్నాను.

మొదటి డాన్సుకు మంచిదాన్నే ఏరాను. మధ్యలో జడ అల్లిక ఉన్నది, నాకెంతో ఇష్టమైనది. పాట లేకుండా నడిపించి చూపించాను, అందరికీ వచ్చింది. అప్పుడు మైకులో చెప్పాను:

"మీ అందరికీ తెలిసిన సంగతి నాకు మొన్ననే తెలిసింది. ఈ ఒక్క డాన్సూ నేను పిలిచినప్పుడే కదలండి. పాట వినొద్దు. నేను ఆలస్యమైతే మీరూ ఆలస్యం కండి. నన్ను మోయకండి."

అర్డిత్ కిందికి చూస్తోంది. నడిమి వరసలోంచి పాతకాపు ఒకాయన తల ఊపాడు, తర్వాత అందరూ ఊపారు.

బర్ట్ మొదలుపెట్టాడు. వాళ్ళు మాట నిలబెట్టుకున్నారు. అందుకోసం ఎంత కష్టపడ్డారో కూడా కనిపించింది. ఏళ్ళ తరబడి అలవాటైన కాళ్ళను బిగపట్టుకుని, నా నోటివంక చూస్తూ నిలబడ్డారు. నేను పిలవాలి. ఎప్పుడు పిలవాలో నాకు తెలియలేదు. రోజూ నాకు దారి చూపే కాళ్ళు ఇవాళ నాకోసం ఎదురుచూస్తున్నాయి. పియానో ఎడమచేతి మోత తప్ప నాకేమీ లేదు, ఆ మోతలో మొదలూ లేదు, చివరా లేదు. నా అంతట నేనే ఒకచోట పిలిచాను. కదిలారు. మళ్ళీ పిలిచాను. కదిలారు. మూడు చుట్లు అయ్యేసరికి మూడు వరసలూ ఒకేలా చెదిరిపోయాయి, జడ అల్లికలో ఎవరి పాయ ఎవరిదో తెలియక పాతా కొత్తా అందరూ హాలు మధ్యలో ముద్దగా నిలబడిపోయారు. బర్ట్ ఫిడేలు కమాను పైకెత్తేశాడు. నేనింకా పిలుస్తూనే ఉన్నాను. లైల్ లేచి వచ్చి నా మోచెయ్యి పట్టుకునేదాకా పాట ఆగిందని నాకు తెలియలేదు.

ఎవెరెట్ మాత్రం సంబరంగా చుట్టూ చూస్తున్నాడు, అందరూ తనలాగే ఉన్నందుకు. ముందు ఆయనే నవ్వాడు. తర్వాత హాలంతా నవ్వింది. అది నన్ను చూసి నవ్విన నవ్వు కాదని నాకు తెలుసు. అయినా ఏడుపొచ్చింది, అక్కడే ఏడ్చాను.

నేను మైకు ఇవ్వబోతే తాంసిన్ తీసుకోనంది. "మీరే ఏరండి, మీరు ఏరినవే పిలుస్తాను. లేకపోతే నాకొద్దు" అంది, నా మొహానికి దగ్గరగా వచ్చి. హాలుకు ఎవరెవరు వచ్చారో చూసి వాళ్ళకు తగ్గ డాన్సు ఏరడం ఆ పిల్ల ఇంకా నేర్చుకోలేదు, అది నిజమే. చేతిలో ఉన్న, డాన్సులు రాసుకున్న కార్డుల కట్ట ఆ పిల్లకిచ్చి కిందికి దిగాను.

మార్చి 27

కాంకర్డ్ వెళ్ళి చెవి డాక్టరుకు చూపించుకున్నాను. చెవిలో యంత్రం పెడతారట, ఏప్రిల్ చివరికి వస్తుందట. పైస్థాయి స్వరాలు ఎంతవరకు తిరిగొస్తాయో చెప్పలేమన్నాడు. ఫిడేలు సంగతి అడిగాను. భుజాలు ఎగరేశాడు. లైల్ బయట కారులో కూర్చుని ఏడుస్తున్నాడు, నేను చూడలేదనుకున్నాడు.

ఏప్రిల్ 6, ఆదివారం

నిన్న తొమ్మిది డాన్సులు ఏరి ఇచ్చాను. మొదట గొలుసులు లేనివి, విరామం ముందు పాతవాళ్ళ ఆకలి తీరేది ఒకటి, విరామం తర్వాత కొత్తవాళ్ళ మోకాళ్ళకు జాలి చూపేది ఒకటి. తాంసిన్ పిలుపులు బాగున్నాయట. లైల్ చెప్పాడు.

ఎవెరెట్ వచ్చి, తనతో జోడీగా ఆడమని చెయ్యి చాపాడు. నాకు పిలుపు వినపడదు, తప్పులు చేస్తానని చెప్పాను. తనకు వినపడినా తప్పులే చేస్తానన్నాడు ఆయన. కుడి వరస చివర నిలబడ్డాం. కంగారుగానే ఉంది. ఆ గుంపులో నా చెయ్యి ఎవరు పట్టుకుంటారో, ఎటు తిరగాలో, ఏ క్షణం ఏం వస్తుందో తెలియడం లేదు. ఇన్నేళ్ళు పైనుంచి చూసినదానికి లోపల ఇంత తికమక ఉంటుందని నేనెరగను. కొత్తవాళ్ళందరికీ ఇలాగే ఉండేదా?

మొదటి చుట్టు కాగానే మేము వరస అంచున పడ్డాం. ఎదురుగా ఎవరూ లేరు. ఒక చుట్టు ఆగి, చోట్లు మార్చుకుని, లోపలికి రావాలి. ఎవెరెట్ నావంక చూశాడు, ఎప్పుడు అన్నట్టు. నాకూ తెలియదు. చోట్లు మార్చుకుని నిలబడ్డాం.

అప్పుడు నా అరికాళ్ళ కింద నేల పలకలు దబ్బున అదిరాయి.

వేదిక వంక చూశాను. లైల్ పియానో మీద వంగి, నావంక చూడకుండా, బూటుకాలు మళ్ళీ ఎత్తుతున్నాడు. తాంసిన్ చెవులు బాగానే ఉన్నాయి, ఆ పిల్లకు ఆ తన్నుడు అక్కర్లేదు. ఎవెరెట్ చెయ్యి పట్టుకుని లోపలికి అడుగేశాను.